స్టెరాయిడ్ సైకిల్ ఆపేశాక కండ నిలబడాలంటే క్లెన్ వేసుకోవాలా?

మీ ప్రశ్నలు, మా డాక్టర్ జవాబులు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది హనుమకొండ, నా వయసు 26. నాలుగేళ్లుగా జిమ్‌కు పోతున్నా. మా జిమ్‌లో సీనియర్ అన్న ఒకాయన చెప్తే పన్నెండు వారాలు సైకిల్ కొట్టిన, అంటే స్టెరాయిడ్ కోర్సు, టెస్టోస్టెరాన్ సూదులు, మొదట్లో డయానాబోల్ అనే స్టెరాయిడ్ గోలీలు. బరువు 76 నుంచి 85 కిలోలకు వచ్చింది. ఆపేసి ఐదు వారాలు అవుతోంది, ఇప్పుడు 80కి దిగింది. చేతులు సన్నబడ్డాయి, బెంచ్ ప్రెస్‌లో బరువు లేవట్లేదు. ఇప్పుడు అదే అన్న క్లెన్, అదే క్లెన్‌బ్యుటెరాల్, వేసుకోమంటున్నాడు, కొవ్వు కరుగుతుంది, కండ మాత్రం పోదు, అది కండను కరిగించే కార్టిసాల్‌ను ఆపుతుంది అని. దానికి తోడు ఎఫెడ్రిన్, కెఫీన్ కలిపిన గోలీలు కూడా వేస్తే ఇంకా బాగుంటుందంట. డబ్బా తెచ్చి ఇచ్చాడు కూడా. ఇంట్లో ఎవరికీ తెలీదు. వేసుకోవాలా వద్దా, సూటిగా చెప్పండి, టెన్షన్‌గా ఉంది.
– పేరు వేయొద్దు, హనుమకొండ

జవాబు: వద్దు తమ్ముడూ. సూటిగా అడిగావు కాబట్టి ముందే చెప్పేశా. ఆ డబ్బా మూత తీయకు. ఎందుకో చెప్తా, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు ఆ పోయిన ఐదు కిలోలు ఏంటో చూద్దాం, ఎందుకంటే నీ భయమంతా అక్కడే ఉంది. డయానాబోల్ ఒంట్లో నీళ్లు బాగా పట్టి ఉంచుతుంది, టెస్టోస్టెరాన్ కూడా కొంత పడుతుంది. కండలో గ్లైకోజెన్, అంటే దాచుకున్న చక్కెర, నిల్వ పెరిగితే ఒక్కో గ్రాముకు దాదాపు మూడు గ్రాముల నీళ్లు వెంట వస్తాయి. మందు ఆపగానే మొదట దిగేది ఈ నీళ్లే. అద్దంలో చేతులు నిండుగా కనిపించకపోవడం, బరువులెత్తినప్పుడు కండ ఉబ్బే ఆ పంప్ రాకపోవడం చాలావరకు దీని వల్లే. అంటే ఐదు కిలోల కండ కరిగిపోయిందని నువ్వు అనుకుంటున్నది నిజం కాదు.

అట్లని అసలు కండే పోలేదని కూడా అనను. 1996లో అమెరికాలో 43 మంది మగవాళ్ల మీద ఒక పరీక్ష చేశారు. వాళ్లలో కొందరికి పది వారాలు వారానికి 600 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ ఇచ్చారు. మందు ఇచ్చినవాళ్లలో కొందరితో వ్యాయామం చేయించారు, కొందరిని ఊరికే కూర్చోబెట్టారు. ఊరికే కూర్చున్నవాళ్లకు కూడా కొవ్వు కాని బరువు మూడు కిలోల పైన పెరిగింది, వ్యాయామం చేసినవాళ్లకు ఆరు కిలోలు. ఇందులో నీకు పనికొచ్చే సంగతి ఏంటంటే, నీ ఒంటి మీదకు వచ్చిన దాంట్లో కొంత భాగం నువ్వు ఎత్తిన ఇనుము వల్ల రాలేదు, సూది వల్ల వచ్చింది. సూది తెచ్చింది సూదితో పాటే పోతుంది, దాన్ని ఏ గోలీ ఆపలేదు. నీ కష్టంతో వచ్చింది మాత్రం చాలావరకు నిలబెట్టుకోవచ్చు.

ఇప్పుడు లోపల ఏం జరుగుతోందో చెప్తా. ఇంటికి రోజూ ట్యాంకర్ నీళ్లు వస్తుంటే బోరు మోటారు ఆపేస్తాం కదా, నీ మెదడు కూడా అదే చేసింది. బయటి నుంచి టెస్టోస్టెరాన్ వస్తోందని చూసి, వృషణాలకు పని చెప్పే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లను పంపడం మానేసింది. ఇప్పుడు ట్యాంకర్ ఆగింది, మోటారు ఇంకా ఎక్కలేదు. ఈ మధ్యలో ఉన్న కాలంలోనే కండ దిగుతుంది, బద్ధకం వస్తుంది, కోరిక తగ్గుతుంది, చిన్నదానికే చిరాకు వస్తుంది. చాలామందికి కొన్ని నెలల్లో మళ్లీ సర్దుకుంటుంది, కొందరికి ఏడాది దాటుతుంది. క్లెన్ గానీ, ఎఫెడ్రిన్ గానీ, కెఫీన్ గానీ ఈ మోటారు స్విచ్ దగ్గరికే పోవు. రోగం ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాస్తున్నట్టే.

మరి మీ అన్నకు ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది? పూర్తిగా గాలి మాట కాదు, అందుకే ఇన్నేళ్లుగా జిమ్ముల్లో తిరుగుతోంది. క్లెన్‌బ్యుటెరాల్ అనేది ఉబ్బసం మందుల జాతిది, ఊపిరి గొట్టాలను వదులు చేస్తుంది. కొన్ని దేశాల్లో మనుషులకు కూడా ఇస్తారు గానీ అమెరికాలో మనుషులకు అనుమతి లేదు, గుర్రాలకు ఇస్తారు. 1980లలో పశువుల మీద, ఎలుకల మీద వాడి చూస్తే కొవ్వు తగ్గి కండ పెరిగింది. నరం తెగిన ఎలుక కాలులో కండ కరగడం కూడా తగ్గింది. ఇంకేముంది, బాడీబిల్డర్లు పట్టేసుకున్నారు. కానీ ఆ జంతువులకు ఇచ్చిన మోతాదు కిలో బరువు లెక్కన చూస్తే మనిషి తట్టుకోగలిగిన దానికంటే ఎన్నో రెట్లు, పైగా ఈ మందు ఇచ్చిన ఎలుకల గుండె కండరంలో కణాలు చచ్చిపోవడం కూడా తర్వాతి పరీక్షల్లో చూశారు. ఆ రెండో సంగతి మాత్రం జిమ్ముల దాకా రాలేదు.

మనుషుల్లోనూ కొద్దిగా ఉంది, దాచడం ఎందుకు. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లకు ఇస్తే కాలి బలం కొంచెం త్వరగా తిరిగొచ్చింది. గుండె బలహీనపడ్డ రోగులకు డాక్టర్లు దగ్గరుండి ఇస్తే కొవ్వు కాని బరువు పెరిగింది కానీ నడిచే ఓపిక మాత్రం పెరగలేదు. అంటే కండ కనిపించింది, పనికి రాలేదు. మంచం మీద ఉన్న రోగి వేరు, రోజూ బరువులెత్తుతూ, మందమైన రక్తంతో, హార్మోన్ పడిపోయి ఉన్న 26 ఏళ్ల కుర్రాడు వేరు.

ఇక అసలు చిక్కు. ఈ మందు అడ్రినలిన్ తగిలే చోట్ల మీద పని చేస్తుంది. రోజూ తగులుతుంటే రెండు మూడు వారాల్లోనే ఆ చోట్లు తగ్గిపోతాయి, ఒళ్లు అలవాటు పడిపోతుంది. అందుకే జిమ్ముల్లో రెండు వారాలు వేసుకో, రెండు వారాలు ఆపు అని చెప్తుంటారు. నీ హార్మోన్ తిరిగి రావడానికి నెలలు పట్టేచోట రెండు వారాలకే మొద్దుబారే మందు ఏం కాపలా కాస్తుంది? కార్టిసాల్ సంగతంటావా, క్లెన్, ఎఫెడ్రిన్ లాంటి ఉత్తేజకాలు దాన్ని ఆపవు. కెఫీన్ ఎక్కువైతే అది పెరుగుతుంది కూడా.

మరి వేసుకున్నవాళ్లు బాగుందని ఎందుకు అంటారు? చర్మం కింద కొవ్వు, నీళ్లు కొంచెం తగ్గి కట్స్, అంటే కండల మధ్య గీతలు, తేలతాయి, అద్దంలో కండ పెరిగినట్టు అనిపిస్తుంది, అంతే. టేపు పెట్టి చెయ్యి కొలిస్తే తెలుస్తుంది.

నాకు ఇంకా కోపం తెప్పించేది నిద్ర విషయం. 2010లో పది మందిని పద్నాలుగు రోజుల చొప్పున రెండుసార్లు తిండి తగ్గించి పెట్టారు, ఒకసారి రాత్రి ఎనిమిదిన్నర గంటలు పడుకోనిచ్చి, ఇంకోసారి ఐదున్నర గంటలే ఇచ్చి. తిండి రెండుసార్లూ ఒకటే. నిద్ర తగ్గినప్పుడు పోయిన కొవ్వు 55 శాతం తక్కువ, పోయిన కొవ్వు కాని బరువు 60 శాతం ఎక్కువ! క్లెన్ వేసినవాడు రాత్రి రెండింటికి ఫ్యాన్ చూస్తూ పడుకుంటాడు, చేతులు వణుకుతుంటాయి, ఆకలి ఉండదు. కండ నిలబెట్టే రెండు పనులు తిండి, నిద్ర. ఆ రెండింటినీ ఇదే ఎత్తుకుపోతుంది.

గుండె గురించి నెమ్మదిగా చదువు. పన్నెండు వారాల స్టెరాయిడ్ తర్వాత మంచి కొలెస్ట్రాల్ పడిపోయి ఉంటుంది, రక్తం చిక్కబడి ఉండొచ్చు, బీపీ పెరిగి ఉండొచ్చు, ఎక్కువ కాలం వాడినవాళ్లకు గుండె గోడ కూడా మందమవుతుంది. ఆ గుండె మీదకు క్లెన్ వచ్చి వేగం పెంచుతుంది, రక్తంలో పొటాషియం దించుతుంది. పొటాషియం తగ్గితే పిక్కలు పట్టేయడమే కాదు, గుండె లయ తప్పుతుంది. మీద ఎఫెడ్రిన్, కెఫీన్ వేస్తే మూడు వైపుల నుంచీ తోలినట్టే. ఇంకో లెక్క చూడు. క్లెన్ సగం ఒంట్లోంచి పోవడానికి 35 గంటల దాకా పడుతుంది. రోజుకొకటి వేస్తే వారం తిరిగేసరికి ఒంట్లో ఉండేది ఒక రోజు మోతాదు కాదు, రెండున్నర రెట్లు. దడ మొదలయ్యాక ఆపినా ఆ రోజే తగ్గదు. 1990లో స్పెయిన్‌లో ఈ మందు మేపిన పశువుల కాలేయం తిన్నందుకే వందమందికి పైగా దడ, వణుకుతో ఆస్పత్రుల పాలయ్యారు, వాళ్లు గోలీ కూడా వేసుకోలేదు. ఎఫెడ్రిన్ ఉన్న ఎఫెడ్రా సప్లిమెంట్లను గుండెపోట్లు, పక్షవాతాలు చూసి అమెరికా 2004లో నిషేధించింది.

అన్న రేపు ఇంకేమైనా తెస్తాడేమో, వాటి సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తా. థైరాయిడ్ గోలీ, అదే టీ3, కొవ్వుతో పాటు కండను కూడా తింటుంది, హార్మోన్ తక్కువ ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ తింటుంది. డీఎన్‌పీ అనే పసుపుపచ్చ పొడి 1930లలో సన్నబడే మందుగా అమ్మి, మనుషులు లోపల ఉడికి చచ్చిపోతుంటే 1938లో అమెరికాలో ఆపారు. దానికి విరుగుడు లేదు, ముట్టుకోకు. మెఫెంటెర్మైన్ సూది ఆపరేషన్ బల్ల మీద బీపీ పడిపోతే మత్తు డాక్టర్ ఇచ్చేది. దాన్ని జిమ్ కుర్రాళ్లకు అమ్ముతూ దొరికినవాళ్ల వార్తలు మన తెలంగాణ పేపర్లలో నువ్వూ చూసే ఉంటావు. అది కండా పెంచదు, కొవ్వూ కరిగించదు, ఊపు ఇచ్చి అలవాటు చేస్తుంది.

మరేం చేయాలి? ఈ వారమే ఒకరోజు పొద్దున 7 నుంచి 10 లోపల పరగడుపున రక్తం ఇవ్వు. టెస్టోస్టెరాన్, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ఎస్ట్రాడయాల్, సీబీపీ, లివర్, కిడ్నీ, లిపిడ్ పరీక్షలు. దాంతోపాటు ఈసీజీ, వీలైతే 2డీ ఎకో. మధ్యాహ్నం ఇస్తే టెస్టోస్టెరాన్ తక్కువ చూపిస్తుంది, అనవసరంగా భయపడతావు. ఆ కాగితాలు పట్టుకుని హార్మోన్ల డాక్టర్ దగ్గరికి పో, ఖర్చు భారమైతే వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో ముందు జనరల్ మెడిసిన్ ఓపీలో చూపించుకో. పోయాక ఏ సూది ఎన్ని వారాలు వేసుకున్నావో ఉన్నదున్నట్టు చెప్పు. డాక్టర్ తిడతాడేమో, తిట్టనీ. చెప్పకపోతే ఆయన గుడ్డిగా వెతకాలి. పీసీటీ, అంటే సైకిల్ తర్వాతి చికిత్స, పేరుతో క్లోమిఫిన్, టామాక్సిఫెన్ గోలీలు నీ అంతట నువ్వు మొదలుపెట్టకు. అవి కనీసం సరైన చోట పని చేసేవే, కానీ ఒకటి చూపును మసకబార్చగలదు, ఇంకొకటి రక్తం గడ్డకట్టించగలదు, అవసరమో కాదో రిపోర్టు చూసి డాక్టర్ తేలుస్తాడు. మూడు నెలలకు మళ్లీ పరీక్ష.

తిండి తగ్గించకు. ఇది అందరూ చేసే తప్పు, సైకిల్ అవ్వగానే కటింగ్ మొదలుపెడతారు. మూడు నాలుగు నెలలు బరువు నిలబడేంత తిను. 80 కిలోల మనిషికి రోజుకు 130 నుంచి 175 గ్రాముల ప్రోటీన్ చాలు. ఐదు గుడ్లు, పావుకిలో చికెన్, యాభై గ్రాముల మీల్‌మేకర్, అర లీటరు పాలు లేదా పెరుగు, ఓ కప్పు పప్పు, గుప్పెడు పల్లీలు, ఇవన్నీ కలిపితే 140 గ్రాములు దాటుతుంది. ఏ డబ్బా అక్కర్లేదు. అన్నం మానేయకు, జొన్నరొట్టె తింటే ఇంకా మంచిది, ఇంట్లో సర్వపిండి చేస్తే నూనె చూసుకుని తిను, దేవుడేం కోప్పడడు. క్రియాటిన్ రోజుకు 3 నుంచి 5 గ్రాములు వేసుకోవచ్చు, సప్లిమెంట్లలో నేను నమ్మేవి తక్కువ, ఇది ఒకటి. అది మొదలుపెట్టాక రక్తంలో క్రియాటినిన్ కొంచెం ఎక్కువ చూపొచ్చు కాబట్టి ఆ సంగతి కూడా డాక్టర్‌కు చెప్పు.

జిమ్‌లో బరువులు తగ్గించకు, సెట్లు తగ్గించు. సైకిల్‌లో ఉన్నప్పుడు ఛాతీకి ఇరవై సెట్లు కొట్టి కోలుకున్నావు, ఇప్పుడు కోలుకోలేవు. పది చాలు, ఎనిమిదైనా చాలు. 2011లో వచ్చిన ఒక పరీక్షలో 20 నుంచి 35 ఏళ్లవాళ్లు పదహారు వారాలు గట్టిగా చేసి, తర్వాత పనిని తొమ్మిదో వంతుకు తగ్గించి వారానికి ఒక్కరోజే చేసినా 32 వారాల పాటు తొడ కండ సైజు నిలబడింది. వాళ్లేం సూదులు వేసుకున్నవాళ్లు కాదు, కాబట్టి నీకు అచ్చంగా అట్లాగే జరుగుతుందని చెప్పను. కానీ కండను పెంచడానికి పట్టేంత కష్టం నిలబెట్టడానికి పట్టదు. కార్డియో కావాలంటే పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద అరగంట నడువు.

ఛాతీలో నొప్పి, ఆగని దడ, కళ్లు తిరిగి పడిపోవడం, ఈ మూడింటిలో ఏది వచ్చినా 108కి ఫోన్ చెయ్, తెల్లారనీ అని కూర్చోకు. ఇంట్లో ఒక్కరికైనా చెప్పు. కనీసం మీ అక్కకో తమ్ముడికో.

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ. మాది గోదావరిఖని. మా ఆయనకు 31. జిమ్ పిచ్చి ఎక్కువ, రెండేళ్లు సూదులు వాడారని ఈ మధ్యే తెలిసింది. ఆర్నెల్ల కింద ఆపేశారు. అప్పటి నుంచి ఎవరితోనూ మాట్లాడరు, రాత్రిళ్లు నిద్రపోరు, జిమ్‌కు కూడా పోవట్లేదు, నా దగ్గరికి కూడా రావట్లేదు. నిన్న బట్టల మధ్యలో ఫ్యాట్ బర్నర్ డబ్బా దొరికింది. పెళ్లయి మూడేళ్లు, పిల్లలు లేరు, అత్తగారు నన్నే పరీక్షలు చేయించుకొమ్మంటున్నారు.
– ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందు పరీక్ష చేయించుకోవాల్సింది మీరు కాదు, ఆయన. రెండేళ్లు సూదులు వాడిన మగవాళ్లలో వీర్యకణాలు బాగా పడిపోవడం, ఒక్కోసారి సున్నాకు రావడం మామూలే. ఆపేశాక చాలామందికి తిరిగి వస్తాయి, నెలలు పట్టొచ్చు, ఏడాది పైన కూడా పట్టొచ్చు, అవసరమైతే డాక్టర్ మందులు ఇస్తారు. వీర్య పరీక్ష, పొద్దున పూట హార్మోన్ పరీక్షలు చేయించండి. అత్తగారికి ఈ పేజీ చూపించినా నాకు అభ్యంతరం లేదు.

మీరు రాసినవన్నీ, మాట్లాడకపోవడం, నిద్ర లేకపోవడం, ఇష్టమైన జిమ్ కూడా వదిలేయడం, స్టెరాయిడ్ ఆపాక వచ్చే డిప్రెషన్‌లా ఉన్నాయి. అది మొండితనం కాదు, మీ మీద ప్రేమ తగ్గడమూ కాదు. ఆ ఫ్యాట్ బర్నర్ డబ్బాలో ఉండే ఉత్తేజకాలు ఉన్న నిద్రనూ పోగొట్టి, ఆందోళన పెంచుతాయి. డబ్బా చెత్తబుట్టలో వేసి గొడవ పెట్టుకునేకంటే, పక్కన కూర్చుని మీకు తెలిసిపోయిందని మెల్లగా చెప్పండి. హార్మోన్ల డాక్టర్, మానసిక డాక్టర్, ఇద్దరూ కావాలి. ఇద్దరికీ సూదుల సంగతి చెప్పాలి. ఒక ప్రశ్న భయపడకుండా అడగండి, చచ్చిపోవాలని అనిపిస్తోందా అని. అడిగితే లేని ఆలోచన పుట్టదు. అవునన్నారంటే ఒంటరిగా వదలొద్దు, అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. మానసిక సాయం చేసే టెలీ మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. ఇంకో సంగతి, ఒంట్లో బాగాలేదని ఆయన మళ్లీ టెస్టోస్టెరాన్ సూది వేయించుకుంటానంటే పిల్లలు కావాలనుకుంటున్నన్నాళ్లూ కుదరదని చెప్పండి, అది వీర్యకణాలను మళ్లీ ఆపేస్తుంది.

ప్రశ్న: నేను స్టెరాయిడ్లు వాడలేదు సార్. వయసు 20. కాలేజీ అయ్యాక రాత్రి ఎనిమిదింటికి ప్రీ వర్కౌట్ తాగి జిమ్ చేస్తా. గ్రీన్ టీ క్యాప్సూల్స్ కూడా కొన్నా. నాకేమీ కాదు కదా?
– కరీంనగర్

జవాబు: ఆరోగ్యవంతుడికి రోజుకు 400 మిల్లీగ్రాముల కెఫీన్ దాకా పర్వాలేదంటారు. కానీ అందులో సగం ఒంట్లోంచి పోవడానికే ఐదు గంటలు పడుతుంది. ఎనిమిదింటికి తాగితే అర్ధరాత్రి దాటాక కూడా అది నీలో పని చేస్తూనే ఉంటుంది. డబ్బా వెనక ఒక స్కూప్‌లో ఎంత కెఫీన్ ఉందో రాసి లేకపోతే ఆ డబ్బా కొనకు. గ్రీన్ టీ కప్పులో తాగితే సమస్య లేదు, క్యాప్సూల్లో దాని సారం ఎక్కువైతే లివర్ దెబ్బతింటుంది, ఆ సారంలో ఉండే ఈజీసీజీ అనే పదార్థం రోజుకు 800 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని యూరప్ ఆహార భద్రత సంస్థ 2018లో చెప్పింది. నీ వయసుకు రెండు అరటిపండ్లు తిని పో, చాలు.

ప్రశ్న: నేను పవర్ లిఫ్టింగ్ చేస్తా, స్టేట్ మీట్‌కు రెడీ అవుతున్నా. చిన్నప్పటి నుంచి ఆస్తమా ఉంది, ఇన్హేలర్ వాడతా. క్లెన్ కూడా ఆస్తమా మందే కదా, డోప్ టెస్టులో అడిగితే ఆస్తమా అని చెప్పొచ్చు అని ఫ్రెండ్స్ అంటున్నారు.
– జనగామ

జవాబు: చెప్పలేవు. క్లెన్‌బ్యుటెరాల్ ప్రపంచ యాంటీ డోపింగ్ సంస్థ జాబితాలో స్టెరాయిడ్ల పక్కనే ఉంది, పోటీ ఉన్నా లేకపోయినా నిషేధమే. 2010 టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు గెలిచిన అల్బెర్టో కాంటడార్ శాంపిల్లో అది చాలా కొంచెం దొరికితే, తిన్న మాంసంలోంచి వచ్చిందని ఎంత వాదించినా 2012లో ఆ టైటిల్ లాగేసుకున్నారు. నీ ఇన్హేలర్ సాల్బుటమాల్ అయితే భయం లేదు, పీల్చేది 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు, ఏ ఎనిమిది గంటల్లోనూ 600 దాటకుండా వాడుకోవచ్చు. అదే మందు గోలీగానో సిరప్‌గానో వేసుకుంటే మాత్రం నిషేధం కిందకే వస్తుంది. డాక్టర్ చీటీ బ్యాగులో పెట్టుకుని పో, శాంపిల్ తీసుకునేటప్పుడు ఇచ్చే ఫారంలో ఇన్హేలర్ పేరు, వారం రోజులుగా వాడిన మిగతా మందుల పేర్లు నువ్వే అడిగి మరీ రాయించు.